మూతవడిన హోటళ్లు

ఒక యూరిలో పేరుపొందిన హోటలు మూతవడినదన్న వార్త వెలువడిన దినమున ఆ యూరి ప్రజలు పడు విచారము చిన్నది కాదు. 2020వ సంవత్సరము మొదలుకొని రెండేండ్లపాటు మన పట్టణములలో ఇట్టి వార్తలు తఱచుగ వినవచ్చినవి. వినినవారు “అయ్యో, అచ్చటి ఇడ్లీ!” అనిరి. “మా కాలేజీ దినములన్నియు ఆ బల్లల మీదనే గడచినవి” యనిరి. కొందఱు పాత ఛాయాపటములు వెదకి తీసి స్నేహితులకు పంపుకొనిరి. పదియేండ్లుగ ఆ గడప త్రొక్కనివారును కంటతడి పెట్టిరి. ఈ విచారము కపటమని మేమనము. తిన్న తిండిని తలచుకొనుట కృతజ్ఞతాలక్షణమే. ఐనను ఆ విచారమును కొంచెము విమర్శించి చూడవలసి యున్నది. ఎవరి హోటలు మూతవడినప్పుడు మనము విచారించితిమి? ఎవరిది మూతవడినప్పుడు మనకు తెలియనే లేదు? విచారించినవారిలో, దానిని నిలుపుటకు తమ చేతిలో సాధన ముండియు ఉపయోగింపనివా రెందఱు?

జరిగిన సంగతిని ముందు స్మరించుకొందము. కోవిడు వ్యాధి కారణముగ 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. హోటలులో కూర్చుండి తినుట నిలిచిపోయెను. ఆ ఏప్రిలు మొదలు జూను వఱకు గల మూడు నెలలలో దేశపు మొత్తము ఉత్పత్తి, అంతకుముందటి యేటి అవే నెలలతో పోల్చిచూచినచో, దాదాపు నాలుగవవంతు తఱిగిపోయెను. జూను 8వ తేదీనుండి హోటళ్లు తెఱచుకొనుటకు నిబంధనలతో అనుమతి లభించెను. తెఱచి యేడాది నిండకమునుపే వ్యాధి రెండవమాఱు విజృంభించెను. 2021 మే 5వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున మధ్యాహ్నము 12 గంటలు దాటిన పిదప కర్ఫ్యూ విధింపబడెను. మే 12వ తేదీనుండి తెలంగాణమున మొదట ఉదయము 10 గంటల వఱకే సడలింపు. పదిగంటలకు తలుపు వేయవలసిన హోటలువాడు మధ్యాహ్న భోజన మెవరికి వడ్డించును?

భారత జాతీయ రెస్టారెంట్ల సంఘమువారు 2021లో ప్రకటించిన నివేదికనుబట్టి, 4 లక్షల కోట్ల రూపాయలకు మించియుండిన ఈ వ్యాపారము 2020-21లో సుమారు 2 లక్షల కోట్లకు దిగిపోయినది. నూటికి 25 హోటళ్లకు పైగా శాశ్వతముగ మూతవడినవి. దాదాపు 24 లక్షల మందికి పని పోయినది. ఏ సంఘమునందును చేరక, ఏ రిజిష్టరునందును పేరెక్కక పోయిన పూటకూటియిండ్లు వేఱుగ నున్నవి.

తెఱచుకొమ్మని సర్కారు సెలవిచ్చినంత మాత్రమున గిరాకి తిరిగి రాలేదు. జీతము కోతపడినవారు, పని పోయినవారు, పని యుండియు రేపెట్లుండునో యని చేయి బిగబట్టినవారు - వీరందఱు మొట్టమొదట మానుకొనిన వ్యయము బయటి తిండి. సంసారి పిల్లల బడి ఫీజు మానుకొనజాలడు. ఇంటి అద్దె మానుకొనజాలడు. హోటలుకు పోవుట మాత్రము ఆ సాయంకాలమే మానుకొనగలడు. దేశమున రాబడి సన్నగిల్లినదన్న సమాచారము అర్థశాస్త్రజ్ఞుల పట్టికలలోనికి వచ్చుటకు మూడు నెలలు పట్టవచ్చును. హోటలు గల్లాపెట్టె దగ్గఱ కూర్చున్నవానికి అది మూడవ దినముననే తెలియును.

హైదరాబాదులోని అమీరుపేట సంగతి చూడుడు. అచ్చటి కంప్యూటరు శిక్షణాలయములను నమ్ముకొని హాస్టళ్లు వెలసినవి. హాస్టళ్లను నమ్ముకొని మెస్సులు, కర్రీ పాయింట్లు, టీ కొట్లు వెలసినవి. 2020 మార్చి చివరివారమున హాస్టళ్లు ఖాళీచేయవలసి వచ్చి, స్వగ్రామములకు పోవుటకు అనుమతిపత్రములకై యువకులు పోలీసు స్టేషన్ల ముందు గుమిగూడిన దృశ్యము పాఠకులకు జ్ఞాపక ముండియే యుండును. మాధాపురపు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ఇండ్లనుండియే పనిచేయసాగిరి. అశోకనగరు, చిక్కడపల్లి వీథులలో ఉద్యోగపరీక్షలకు చదువుకొను విద్యార్థులు ఊళ్లకు వెడలిపోయిరి. వ్యాధి తగ్గినను, శిక్షణ ఫోనులోనికి, ఉద్యోగము పడకగదిలోనికి మాఱిపోవుటచేత, ఆ వీథులకు పూర్వపు సందడి చాలకాలము తిరిగి రాలేదు.

ఆ వీథులలో మూతవడిన మెస్సులకు పేరు ప్రతిష్ఠలు లేవు. ‘ఆంటీ మెస్సు’, ‘నెల్లూరు మెస్సు’ అను బోర్డులు వీథికి రెండేసి యుండును. ఒక యింటి క్రిందిభాగము, నాలుగు బల్లలు, గోడకు దేవుని పటము, గల్లాపెట్టెపై ఖాతాల నోటుపుస్తకము - ఆ వ్యాపారమునకు మూలధన మింతే. నెలకింత యని మాటాడుకొని రెండుపూటల తినిపోవు కుఱ్ఱవాండ్రు ఒక్కసారిగ ఊరు విడిచిపోవుటతో వారి బాకీలు నోటుపుస్తకముననే మిగిలిపోయినవి. కొందఱు పిమ్మట ఫోనుద్వారా సొమ్ము పంపిరి. పంపనివారిని మేము దూషింపము, వారికే పూట గడవని దినములవి. కాని యా మెస్సు నడపిన యిల్లాలు ఆ బాకీని ఏ పద్దు క్రింద వ్రాసికొనవలెను? బియ్యపు కొట్టువాడు ఆమె బాకీని మఱచిపోలేదు. గ్యాసు బండ తెచ్చువాడు మఱచిపోలేదు.

ఇక, ఇరానుదేశమునుండి వలసవచ్చినవారు హైదరాబాదు, సికిందరాబాదు కూడళ్లలో నెలకొల్పిన ఇరానీ హోటళ్లలో ఒకటి మూతపడునన్న పుకారు పుట్టిన చాలును, పత్రికలన్నియు వ్యాసములు వ్రాయును. మేమును వ్రాసితిమి. పాలరాతి బల్లలను, గుండ్రని కుర్చీలను, ఉస్మానియా బిస్కత్తును ఎంత వర్ణింపవచ్చునో అంతయు వర్ణించితిమి. అమీరుపేట మెస్సును గుఱించి ఒక్క పంక్తియు వ్రాసినవారము కాము. పేరుగల దానికే పత్రికలో చోటు, పత్రికలో చోటు దొరికినదానికే ప్రజల విచారము. ఈ దోషమున మాకును భాగము కలదని యొప్పుకొనుచున్నాము.

హోటలు పనికిమాలిన విలాసమని, మాంద్యమున విలాసములు నశించుట సహజమని వాదించు పెద్దలు కొందఱు కలరు. వారు మన చరిత్ర మఱచినవారు. కాకతీయుల రాజధానియగు ఓరుగంటి పూటకూటియింట ఒక రూకకు దొరకు భోజనమును క్రీడాభిరామమున కవి నోరూర వర్ణించియున్నాడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ లేకున్నచో గిరీశము కథ నడువదు. దిక్కులేని స్త్రీకి పూటకూళ్లు జీవనాధారము. పరస్థలమునకు వచ్చిన బాటసారికి అదియే యిల్లు. ఈ రెండు సంగతులును ఆనాటివే కావు. పైని చెప్పిన మెస్సు యిల్లాలును, ఆమెయొద్ద తినిన విద్యార్థియు వీరి సంతతివారే.

తరువాత కాఫీ హోటళ్లు వచ్చినవి. ఆ హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు గది యుండిన కాలము మన తాతలు చూచినదే. హరిజనునకు లోపల అడుగుపెట్టుటకే వీలు లేకుండెను. ఆ గోడలు పడగొట్టుటకు ఎందఱు ఎన్ని యేండ్లు పోరాడవలసి వచ్చినదో పెద్దలెఱుగుదురు. 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనున్న రాజ్యాంగమున 15వ అధికరణము, జాతి మత కులాది భేదములచేత ఎవ్వరికిని ప్రవేశము నిషేధింపరాని స్థలములను చెప్పుచు, దుకాణములతో పాటు రెస్టారెంట్లను, హోటళ్లను పేరుపెట్టి పేర్కొన్నది. బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రోడ్లు ఆ పిదప వచ్చునవి. రాజ్యాంగనిర్మాతలు హోటలును చెఱువు సరసన నిలిపిరి. చెఱువు ఎండిపోయిన గ్రామము విలాసము పోయినదని యనుకొనునా?

“ఇంటి భోజనమునకు మించిన దేది? హోటళ్లు పోయిన రోగములు తగ్గును” అని సంతోషించినవారును లేకపోలేదు. లాక్‌డౌను దినములలో ఇంటింట బూరెలు, జంతికలు వండుకొని ఈ సిద్ధాంతమును పలువురు ప్రకటించిరి. నూనె మరల మరల కాచు హోటలును మేమును మెచ్చము. కాని యింటి భోజనమును శ్లాఘించువానికి ముందుగ ఇల్లుండవలెను, ఇంటిలో వంటయిల్లుండవలెను, వంటయింటిలో వండిపెట్టు ఇల్లాలుండవలెను. (ఆ యిల్లాలి యభిప్రాయ మేమో యీ వాదులలో ఎవ్వరును అడిగినట్లు కానరాదు.) ఆస్పత్రిలో రోగికి తోడుండువాడు, కోర్టు వాయిదాకు వచ్చిన రైతు, లారీ నడపువాడు, ఒంటిగదిలో నలుగురు కలిసి పండుకొను కూలీలు - వీరికి ఇంటి భోజనమెక్కడిది?

మఱియొక యభిప్రాయము వ్యాపారస్థులలో తఱచు వినబడినది. “ఇన్నేండ్లు లాభము తిన్నవాడు ఒక యేడు ఓపిక పట్టలేడా?” యనుట. హోటలు వ్యాపారపు లోగుట్టు తెలియక పలుకు మాట యిది. బట్టల దుకాణమున అమ్ముడుపోని చీర పండుగకు అమ్ముడుపోవును. 2020 ఏప్రిలులో తినక మానిన భోజనమును ఎవ్వరును జూనులో వచ్చి రెండింతలుగ తినరు. పోయిన పూట పోయినట్లే. తెల్లవాఱకమునుపే పాలు, కూరగాయలు కొనవలెను. రుబ్బిన పిండి మఱునాటికి పులియును, పులిసిన పిండిని ఏ బ్యాంకును తాకట్టు పట్టదు. వచ్చిన రాబడిలో సరకులకు, గ్యాసుకు, కరెంటుకు, జీతములకు, అద్దెకు పోగా మిగులునది ఆ పూట గిరాకిపై ఆధారపడియుండును. ఇరువది బల్లలున్నచోట దూరము పాటించుటకై పది బల్లలే వేయవలసి వచ్చినప్పుడు, మిగులుబాటు సగము కాదు, సున్న యగును. పార్శిళ్లతో ప్రాణము నిలుపుకొనినవారు కొందఱు కలరు. కాని యింటింటికి తిండి చేరవేయు కంపెనీలకు నూటికి ఇరువది, ఇరువదియైదు వంతుల చొప్పున చెల్లింపవలసి వచ్చుటచే, వారికి శ్రమ మిగిలినంతగ సొమ్ము మిగులలేదు. ఈ కంపెనీల వ్యవహారముపై రెస్టారెంట్ల సంఘము చేసిన ఫిర్యాదును పురస్కరించుకొని పోటీ కమిషను 2022 ఏప్రిలులో విచారణకు ఉత్తరువు చేసినది.

ప్రభుత్వము చేసిన సాయమును విస్మరింపగూడదు. 2020 మే నెలలో కేంద్రప్రభుత్వమువారు 3 లక్షల కోట్ల రూపాయల అత్యవసర ఋణములకు హామీ ప్రకటించిరి. అదివఱకున్న బ్యాంకు బాకీపై నూటికి 20 వంతులు అదనముగ అప్పిచ్చుట ఆ పథకపు పద్ధతి. 2021 మార్చిలో ఆతిథ్యరంగమునకు దీనిని 40 వంతుల వఱకు విస్తరించిరి. వినుటకు బాగుగనే యున్నది. కాని లక్ష రూపాయల బాకీ యున్నవానికి 20 వంతులన 20 వేలు, బాకీ లేనివానికి 20 వంతులన సున్న. అప్పుచేయక, చీటీపాట సొమ్ముతో, భార్య నగలతో హోటలు పెట్టుకొన్న జాగ్రత్తపరునకు ఆ జాగ్రత్తయే అనర్హత యైనది. అటు వీథిలో తోపుడుబండివానికి 2020 జూనులో ఆరంభమైన స్వనిధి పథకముక్రింద 10,000 రూపాయల అప్పు దొరకుట కవకాశము కలిగినది, మంచిదే. బండికంటె పెద్దయై, బ్యాంకు ఖాతాదారుకంటె చిన్నయైన నాలుగు బల్లల హోటలు ఈ రెండింటి నడుమ జాఱిపోయినది.

పన్ను సంగతియు అట్లే యున్నది. 2017 నవంబరు 15వ తేదీనుండి సాధారణ రెస్టారెంట్లపై జీఎస్టీ నూటికి 5 వంతులు. తినువానికి ఇది తేలిక. కాని హోటలువాడు తాను కొను వస్తువులపై, తాను కట్టు అద్దెపై చెల్లించిన పన్నును ఇందు మినహాయించుకొనుటకు వీలులేదు. దుకాణపు అద్దెపై పన్ను నూటికి 18 వంతులు. గిరాకి నిండుగ నున్ననాడు కనబడని యీ బరువు, బల్లలు ఖాళీగ నున్ననాడు నడుము విఱుచును.

విదేశములవారును తడబడినవారే. ఇంగ్లండులో 2020 ఆగస్టున సోమ, మంగళ, బుధవారములందు హోటలులో తినినవారి బిల్లులో సగము, మనిషికి పది పౌనుల వఱకు, ప్రభుత్వమే భరించినది. అందుకు 84.9 కోట్ల పౌనులు ఖర్చయినవి. వ్యాధి యడగకమునుపే జనమును ఒకచోట చేర్చుట వివేకమా యని పిమ్మట తీవ్రవిమర్శ బయలుదేరినది. అమెరికా ప్రభుత్వము 2021లో హోటళ్లకు 2,860 కోట్ల డాలర్ల నిధి ప్రత్యేకించెను. 2 లక్షల 78 వేలకు పైగా దరఖాస్తులు రాగా సుమారు లక్షమందికి సొమ్ము దొరకి, నిధి వట్టిపోయెను. వారి పద్ధతులను మనము అనుకరింపవలెనని కాదు. హోటలు నిలుచుట ప్రభుత్వమునకు పట్టవలసిన విషయమని యా దేశము లొప్పుకొన్నవని చెప్పుటకే యీ ప్రసంగము.

ఇంతవఱకు యజమానుల మాట. పనివారి మాట తలచుకొన్నచో మనస్సు మఱింత క్షోభించును. హోటలు సర్వరు, క్లీనరు, వంటమాస్టరు చేతిక్రింది కుఱ్ఱవాడు - వీరిలో పలువురు శ్రీకాకుళమునుండి, ఒడిషానుండి, వంగదేశమునుండి, బీహారునుండి వచ్చినవారు. తినుట హోటలులోనే, పండుకొనుట హోటలు పైగదిలోనే. హోటలు మూతవడిననాడు వారికి కొలువుతో పాటు కూడును, గూడును పోయినవి. మన హోటలు పోయినదని మనము విచారించునప్పుడు, మనకు ముప్పదియేండ్లు కాఫీ యందిచ్చిన మనుష్యుడు ఎచ్చటికి పోయెనో యని యడిగినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 2020 మే 1వ తేదీ తెల్లవాఱుజామున లింగంపల్లి స్టేషనునుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది కూలీలతో ఒక రైలు కదలెను. వలసకూలీలను స్వస్థలములకు చేర్చుటకై ప్రభుత్వము నడపిన ప్రత్యేకపు రైళ్లలో మొట్టమొదటిది అదియే. అటువంటి రైళ్లలో ఎక్కినవారిలో ఎందఱు హోటళ్లలో ఎంగిలిపళ్లెములు కడిగినవారో చెప్పగల రిజిష్టరు మనయొద్ద లేదు. ప్రావిడెంటు ఫండు చట్టము ఇరువది మంది పనివారున్న సంస్థలకు, ఈఎస్ఐ పదిమంది యున్నచోటికి వర్తించును. ఏడుగురు పనిచేయు హోటలు రెంటికిని వెలియే.

ఇక మిగిలినది అద్దె. ఈ విషయమున మా పాఠకులతో కొంచెము నిష్ఠురముగ మాటాడవలసి యున్నది. మా పత్రిక చదువువారిలో భూస్వాములు కలరు, పట్టణములలో ఇండ్లు, దుకాణములు అద్దెల కిచ్చుకొన్నవారు కలరు. మూతవడిన హోటళ్లలో పెక్కు హోటలువాని స్వంత కట్టడములు కావు. మీవి. కొన్ని మా బంధువులవి.

మా కార్యాలయపు ప్రక్కవీథిలో ఒక చిన్న హోటలుండెడిది. రాత్రి పని ముగించుకొని మేము, మా అచ్చుపనివారు అచ్చట కాఫీ త్రాగెడివారము. 2020లో మూడు నెలలు మూసి, తెఱచి, సగము గిరాకితో ఆఱు నెలలు ఈదులాడి, మూసివేసెను. తలుపుపై తొలుత ‘తాత్కాలికముగా మూయబడినది’ యను కాగితము. తరువాత ‘అద్దెకు ఇవ్వబడును’ అను బోర్డు. హోటలు యజమాని ఆ యింటి స్వంతదారుని ‘బాబాయిగారూ’ యని పిలుచువాడు. మూసియుండిన మూడు నెలల అద్దె తగ్గింపుమని ప్రాధేయపడెను. స్వంతదారు దుర్మార్గుడు కాడు, దానధర్మములు చేయువాడే. లాక్‌డౌనులో రోడ్డుపై పోవు కూలీలకు పులిహోర పొట్లములు పంచినవాడు. కాని “అద్దె అద్దెయే గదా, నాయనా” యనెను. బాకీ అడ్వాన్సులోనుండి జమకట్టబడెను. అడ్వాన్సు కరగిపోవుటయు హోటలు మూతపడుటయు ఒకే నెలలో జరిగెను. ఆ పిమ్మట ఆ గది పదునాలుగు నెలలు ఖాళీగ పడియుండెను. మూడు నెలల అద్దె వదలుకొనజాలనివాడు పదునాలుగు నెలల అద్దె పోగొట్టుకొనెను. ఇందు కృపమాట యటుంచినను, లెక్కయైనను సరిగ లేదు.

చట్టము స్వంతదారు పక్షముననే యున్నది. 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టువారు ఒక దుకాణపు తగవున తీర్పు చెప్పుచు, లాక్‌డౌను కారణముచేతనే అద్దె చెల్లింపు ఆగదనియు, ఒడంబడికలో అట్టి షరతు వ్రాసికొన్నచో దానినిబట్టి నడచుకొనవలసినదనియు నిర్ణయించిరి. కూలీలుండు గదులకు ఒక నెల అద్దె అడుగవలదని కేంద్ర హోంశాఖవారు ఆ మార్చి 29వ తేదీన ఉత్తరువు చేసిరి గాని, హోటలు అద్దెల జోలికి పోలేదు. కావున ఈ విషయము స్వంతదారుల వివేకమునకే విడువబడినది.

వ్యవసాయదారులకు మేమొక్క ప్రశ్న వేయుదుము. వానలు లేక పైరెండిననాడు శిస్తు వజా చేయుమని మన తాతలు కలెక్టరు కచ్చేరీల చుట్టు తిరుగలేదా? 1930 తరువాత ధాన్యపు ధర పడిపోయి, బస్తాలు అమ్మినను కిస్తు చెల్లని దినములలో, పన్ను తగ్గింపుమని మహజర్లపై మహజర్లు పంపలేదా? భూమి మాది కాదా యని సర్కారు పలికినప్పుడు అది అన్యాయమని ఎలుగెత్తలేదా? పంట లేనిచో శిస్తు లేదనుట న్యాయమైనచో, గిరాకి లేనిచో అద్దె తగ్గవలెననుట ఏల న్యాయము కాదు? కౌలుదారునకు కఱవుకాలమున మక్తా తగ్గించుట మన గ్రామములలో మంచి రైతులు నేటికిని పాటించు మర్యాదయే. ఆ మర్యాద పట్టణమునకు వచ్చునప్పటికి పొలిమేరలో ఆగిపోయినది.

మఱియు, హోటలు పట్టణమున మూతవడిన నష్టము పల్లెకు పోకుండ నుండదు. హోటలులో ఖర్చగు పాలు ఎవరి గేదెలవి? ఆ వంకాయలు, అరటియాకులు ఎవరి తోటలవి? 2020 వేసవిలో హోటళ్లు, మిఠాయి దుకాణములు పాలు కొనుట మానివేయుటచే పాడిరైతు పడిన యిబ్బంది మన జిల్లాలలో తెలియనివారు లేరు. రైతును, హోటలువానిని వేఱువేఱు జాతులుగ చూచు దృష్టి అప్పుడైనను మాఱవలసినది.

ఇదంతయు గడచిన కథ, వ్యాపారము మరల పుంజుకొన్నది గదా, ఇప్పు డేల తవ్వవలెనని కొంద ఱనవచ్చును. వ్యాపారము పుంజుకొన్నమాట నిజము. అదే సంఘమువారి 2024 నివేదికలో మొత్తము 5 లక్షల కోట్లు దాటినది. కాని పోయిన నాలుగు బల్లల మెస్సులోని యిల్లాలు ఆ యంకెలో తిరిగి వచ్చినదా? ఆమె ఖాళీచేసిన గదులలో పలుచోట్ల, ఒకే బోర్డుతో ఊరూర శాఖలు పెట్టగల పెద్ద కంపెనీలు చేరినవి. వానిని మేము ద్వేషింపము. అచ్చటను తిండియే పెట్టుదురు. ఖాతా మాత్రము పెట్టరు. నెలాఖరున చేతిలో సొమ్ము లేని విద్యార్థికి “వచ్చే నెల ఇద్దువులే” యను మాట ఆ కౌంటరు దగ్గఱ దొరకదు.

మాంద్యము మరల రాదని ఎవ్వరును హామీ ఇయ్యలేరు. తరువాతి మాఱు విచారింపకమున్నే చేయదగిన పనులు కొన్ని మాకు తోచుచున్నవి. బ్యాంకు బాకీ లేని చిన్న హోటలునకు, దాని అమ్మకములనుబట్టియో, కరెంటు బిల్లులనుబట్టియో అప్పు దొరకునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలెను. అద్దెపై చెల్లించిన పన్నునైనను మినహాయించుకొను హక్కు చిన్న హోటళ్లకు కలిగింపవలెను. పదిమందికి తక్కువైన చోట పనిచేయువారి పేరులును ఏదో యొక రిజిష్టరులో ఎక్కవలెను. ఇవి శాసనసభలలో, కచ్చేరీలలో జరుగవలసినవి, ఆలస్యమగును.

ఆలస్యము కానక్కఱలేని దొకటి కలదు. మీలో దుకాణములు అద్దెల కిచ్చువారు, ఇకముందు వ్రాయించు అద్దె ఒడంబడికలలో ఒక షరతు చేర్పింపుడు: ప్రభుత్వపు టుత్తరువుచే వ్యాపారము మూసివేయవలసి వచ్చిన కాలమునకు సగమద్దెయు, మరల తెఱచిన తరువాతి మూడు నెలలకు ముప్పాతిక యద్దెయు మాత్రమే చెల్లింపదగినదని. కోర్టువారును ఒడంబడికలో ఉన్న మాటనే పాటింతుమనిరి గదా. ఆ యొక్క వాక్యమునకు దస్తావేజు వ్రాయువాడు అదనముగ ఏమియు అడుగడు. మా ప్రక్కవీథిలోని గది ప్రస్తుతము సెల్‌ఫోనుల దుకాణమున కిచ్చియున్నారు. దాని ఒడంబడిక వచ్చు సంక్రాంతికి తిరుగ వ్రాయవలసి యున్నదని తెలిసినది. స్వంతదారుగారు మా పత్రిక చదువుదురు.